దాచిన ఇరవై నిమిషాలు

బెంగుళూరు కె.ఆర్.పురంలో వెంకటేశప్ప ఇంట్లో పొద్దున ఆరింటికి కోడి కూయదు, కారు దగ్గుతుంది.

పన్నెండేళ్ళ నాటి చిన్న కారది. చోకు లాగి, మూడు నాలుగు సార్లు తాళం తిప్పి, పది నిమిషాలు ఇంజను వేడెక్కనిస్తే తప్ప కదలదు. వెంకటేశప్ప బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో రిటైరై మూడేళ్ళయింది. అప్పట్నుంచీ ఆయన తప్ప ఇంట్లో మరొకరు చెయ్యలేని పని ఇదొక్కటే. బండిని స్టార్టు చేసి, అద్దాలు తుడిచి, టైర్లు కాలితో తట్టి చూసి, ఏడుకల్లా గేటు వైపు తిప్పి పెట్టేవాడు. కోడలు చైత్ర అందులో కూర్చుని బొమ్మసంద్రలో తను పనిచేసే మందుల కంపెనీకి వెళ్ళిపోయేది. బండికి పోసినన్ని నీళ్ళు పెండ్లానికి ఒక్కనాడన్నా తోడినావా అని భార్య చౌడమ్మ రోజూ సాధించేది. ఆయన ఆ మాట రోజూ వినకుండా ఊరుకునేవాడు.

అది రెండువేల ఎనిమిది. కొడుకు సందీప్ మనసు హైబ్రిడ్ కారు మీద పడింది. శనివారం అందరినీ షోరూముకి తీసుకెళ్ళాడు. అక్కడి కుర్రాడు విడమరిచి చెప్పాడు. ఇందులో ఉన్నది బ్యాటరీతో నడిచే చిన్న మోటారు, ఇంజనుకి చేతిసాయం మాత్రమే, ఒంటిగా బండిని లాగలేదు. సిగ్నల్లో బండి ఆగగానే ఇంజను తనే ఆగుతుంది, బ్రేకు మీంచి కాలు తీయగానే తనే లేస్తుంది. ఎక్కువసేపు ఆగేవాళ్ళకి పెట్రోలు మిగిలి లాభం, ఆగకుండా పోయేవాళ్ళకి అంత ధర పెట్టడం దండగ. వెంకటేశప్ప చెవిలో మాత్రం ఒకటే పడింది. పొద్దున్నే వేడి చెయ్యక్కర్లేదు, తాళం తిప్పి వెళ్ళిపోవడమే.

ఇంటికొచ్చాక ఆయన ఆ బండికి వంకలు పెట్టడం మొదలుపెట్టాడు. బ్యాటరీ పోతే ఎవడు చూస్తాడు, ఎండలో ఇంజను ఆగితే చల్లగాలి ఎట్లా వస్తుంది, ఇంత ధర ఎందుకు. అసలు మాట నోటికి రాలేదు. ఆ బండి వస్తే పొద్దున నాకేం పని అని కొడుకుని అడగడానికి అరవై దాటిన మనిషికి నామోషీ.

తండ్రీ కొడుకుల వాదన చైత్ర తేల్చింది. రోజూ నడిపేది తనే కాబట్టి, తను దారిలో ఎంతసేపు ఆగుతుందో చూస్తే చాలంది. చూడ్డానికి మామగారి కంటే తగినవాళ్ళు లేరు. ఫ్యాక్టరీలో ఆయన పనే అది. స్టాప్‌వాచ్ పట్టుకుని యంత్రం ఎంతసేపు తిరిగింది, ఎంతసేపు ఊరికే నిలబడింది రాయడం. ఆయన కాయితాన్ని యూనియనూ ఒప్పుకునేది, యాజమాన్యమూ ఒప్పుకునేది.

మంగళవారం పెట్టెలోంచి పాత స్టాప్‌వాచ్ తీసి కోడలి పక్కన కూర్చున్నాడు. ఆగినప్పుడల్లా నొక్కాడు, రాశాడు. మారతహళ్ళి దాటకముందే జవాబు తెలిసిపోయింది. ఆ తర్వాత సిల్క్‌బోర్డు సిగ్నల్ దగ్గరే పన్నెండు నిమిషాలు. వంద నిమిషాల ప్రయాణంలో బండి నడిచింది అరవై ఆరు, నిలబడింది ముప్పై నాలుగు. కొడుకు కోరిన కారు కోడలి దారికి సరిగ్గా సరిపోతుంది. తిరుగు బస్సులో వేరే కాయితం మీద దించేటప్పుడు, బయలుదేరిన టైమూ చేరిన టైమూ నడిచిన అరవై ఆరూ ఉన్నవున్నట్టు వేసి, నిలబడింది మాత్రం పద్నాలుగని రాశాడు.

సాయంత్రం కాఫీ తాగుతూ సందీప్ ఆ కాయితం చూశాడు. ముందు మొహం వాడిపోయింది, తర్వాత ముడుచుకుంది.

"ఏడుకి బయలుదేరి ఎనిమిదీ నలభైకి చేరినారు. దీంట్లో ఎనభై నిమిషాలే ఉండాయి. ఇంకో ఇరవై ఏడ పోయినాయి నాయనా?"

నడిచిన దాంట్లో ఆ ఇరవై కలిపేస్తే పట్టుబడేవాడు కాదు. ఆయనకి ఉన్న నిమిషాలు దాచడం వచ్చింది గాని, లేనివి కల్పించి రాయడానికి చెయ్యి రాలేదు.

సందీప్ గొంతు పెంచాడు. తనకి ఇష్టమని తెలిసి కావాలనే అడ్డం పడ్డాడన్నాడు, ముప్పై ఏళ్ళు నిజం రాసిన మనిషి ఇంట్లో వాళ్ళనే మోసం చేశాడన్నాడు. చౌడమ్మ అడ్డు రాబోతే వెంకటేశప్ప చేత్తో ఆపాడు.

"ఆ బండి వస్తే పొద్దున లేసి నేను చేసేదానికి ఏమీ ఉండదురా," అన్నాడు. "అందుకే దాచినా. తప్పే."

తండ్రి కళ్ళలో నీళ్ళు చూడటం సందీప్‌కి అదే మొదటిసారి. చైత్ర కాయితం తీసుకెళ్ళి మామగారి ముందు పెట్టింది. "సరిగ్గా రాసియ్యండి మామా," అంది. ఆయన పద్నాలుగు కొట్టేసి ముప్పై నాలుగు వేసి, ఫ్యాక్టరీలో చేసినట్టే కింద సంతకం పెట్టాడు.

నెల తిరక్కుండా పాత కారు పోయి కొత్తది వచ్చింది. మొదటి పొద్దున వెంకటేశప్పకి ఐదున్నరకే మెలకువ వచ్చింది. చేసేదేమీ లేక హాల్లో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆరైంది, ఏడైంది. ఏడుంబావుకి చైత్ర జడైనా వేసుకోకుండా హాల్లోకి పరుగెత్తుకొచ్చింది.

"ఎందుకు లేపలేదు మామా?"

"నేనెప్పుడు నిన్ను లేపినా తల్లీ?"

"మూడేండ్లుగా మీరు బండి స్టార్టు చేస్తేనే కదా నేను లేసేది. నా ఫోన్లో అలారమే పెట్టుకోలేదు."

వెంకటేశప్ప కండువాతో మొహం తుడుచుకుని, గోడకున్న తాళం తీసుకుని బయటికి నడిచాడు. బండిని గేటు వైపు తిప్పి పెట్టాడు.

కొత్త ఇంజను దగ్గదు. అందుకని మర్నాడు ఆరింటికి గేటు దగ్గర హారను ఒక్కసారి మోగింది. పక్కింటి అశ్వత్థప్ప కిటికీ తీసి నాలుగు తిట్లు తిట్టి మళ్ళీ మూసుకున్నాడు. చైత్ర లేచింది.