కనుమ దాటని కజాలేలు

“బ్యాగు దించండి.”

“ఎందుకు?”

“బరువు చూడాలి.”

“బ్యాగు నాది, వీపు నాది. మధ్యలో మీకేంటి నొప్పి?”

సాన్-జిరోన్ వంతెన మీద, పొద్దున్నే, కాఫీ కూడా కడుపులో పడకముందు మా ప్రేమకథ ఇలా మొదలైంది. అది ప్రేమకథ అని అప్పటికి నాకు తెలియదు. తెలిసుంటే గడ్డమైనా గీసుకుని వచ్చేవాణ్ణి.

ఏటా జూలైలో ఆ వంతెన దగ్గరే నడక మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జర్మన్ సైనికుల కన్నుగప్పి పారిపోయినవాళ్ళు మా కొండలెక్కి స్పెయిన్‌లోకి దిగిన దారి అది. వాళ్ళను తలుచుకుంటూ ఇప్పుడు జనం నాలుగు రోజులు అదే దారిలో నడుస్తారు. ఆ రోజుల్లో మనుషుల్ని దాటించినవాడు మా ముత్తాత. ఈ రోజుల్లో నడవడానికి వచ్చేవాళ్ళను సరిహద్దు కనుమ దాకా తీసుకెళ్ళేది మా తాతయ్యా, నేనూ. మిగతా ఏడాదంతా గొర్రెలు కాస్తాం. గొర్రెలే నయం, ఎదురు ప్రశ్నలు వేయవు.

ఈ అమ్మాయి మాత్రం ప్రశ్నలు వేయడానికే పుట్టినట్టుంది. పొట్టి జుట్టు, ఎర్ర జాకెట్టు, ముక్కు మీద కోపం. చివరికి బ్యాగు దించింది. మూతి విప్పి చూస్తే లోపల మూడు పెద్ద గాజు సీసాలు.

“ఇవేంటండీ?”

“కస్సూలే. బాతు మాంసం, చిక్కుడు గింజలు. మాది కాస్తెల్‌నొదారి. ఇంట్లోంచి ఖాళీగా బయటికి పంపితే మా అమ్మకి నిద్ర పట్టదు.”

“కొండ మీదికి కూర సీసాలు మోసుకెళ్ళేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా.”

“చూశారుగా. ఇక తప్పుకోండి.”

అవతలి నుంచి తాతయ్య కేకేశాడు. “ఒరేయ్ రెమీ! ఆ పిల్లని వదిలెయ్ రా! మనం కజాలేలం, కస్టమ్స్ వాళ్ళం కాదు!”

ఆ పేరు వినగానే అమ్మాయి సీసాలు లోపల పెట్టుకోవడం ఆపేసింది.

“కజాలేనా? బెత్‌మాల్ లోయ కజాలేలా?”

“అవునండీ. మా పేరు కాస్తెల్‌నొదారి దాకా పాకిందా?” లోలోపల మురిసిపోయాను.

“పాకకేం! మా ముత్తాతని కనుమ మీద మంచులో ఒంటరిగా వదిలేసి పోయింది మీవాళ్ళేగా. మా ఇంట్లో ఎవరైనా పని సగంలో వదిలేస్తే ఏమంటామో తెలుసా? ‘కజాలే చేశాడు’ అంటాం. మా నాన్న వంటగదికి రంగు వేయడం మొదలుపెట్టి మూడేళ్ళుగా కజాలే చేస్తున్నాడు.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకోలేక వంతెన కింది నీళ్ళను చూడడం మొదలుపెట్టారు.

ఆమె పేరు మైలిస్. ఆ పేరు నాకు తెలిసింది ఆమె చెప్పగా కాదు, ఇంకెవరో పిలవగా.

మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. మా కొండల్లో వాన చుట్టం లాంటిది, చెప్పి రాదు, వచ్చాక పోదు. గుంపుకి ముందు తాతయ్య నడుస్తున్నాడు. అందరికంటే వెనక నేను. నాకు సరిగ్గా ముందు మైలిస్. రెయిన్‌కోటు టోపీలోంచి నీళ్ళు కారుతుంటే మాటిమాటికీ వెనక్కి తిరిగి నన్ను కొరకొరా చూస్తోంది.

కోపంగానే అనుకోండి. అయినా చూస్తోంది కదా.

“కజాలే గారూ, మనుషుల్ని లెక్కపెట్టుకుంటూ రండి. మీ వంశంలో మరిచిపోయే జబ్బు ఉంది.”

“మిమ్మల్ని మరిచిపోవడం కష్టమండీ. ఆ గొంతు అవతలి కొండకి కూడా వినిపిస్తోంది.”

“వినిపించాలి. అక్కడ కూడా మీవాళ్ళు ఎవరినైనా వదిలేసి ఉంటే లేచి వస్తారు.”

సాయంత్రానికి ఆమె తిట్లు వినకపోతే నాకు తోచని స్థితి వచ్చేసింది. మరునాడు ఉదయం ఆమె నా వెనక నడవడం మొదలుపెడితే, బూటులో రాయి పడిందని చెప్పి ఆగి మరీ ఆమెను ముందుకు పోనిచ్చాను.

మా కొండల్లో ఒక పద్ధతి ఉంది. రెండు వేల మీటర్లు దాటాక ఎవరూ ఎవరినీ ‘మీరు’ అనరు. డాక్టరైనా, మేయరైనా అక్కడ ‘నువ్వే’. రెండో రోజు ఆ ఎత్తు రాగానే తాతయ్య చేతికర్రతో బండ మీద కొట్టి, “ఇక్కడితో మర్యాదలు సరి!” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇదే అదనని నేను నీళ్ళ సీసా అందించబోయాను. “మైలిస్, నీళ్ళు తాగుతావా?”

“వద్దండీ. మీరు తాగండి.”

“ఇక్కడ ‘మీరు’ లేదు.”

“అందరికీ లేదు. మీకు మాత్రం ఉంది. మీరు దూరంగా ఉంచాల్సిన మనిషి.”

ఆ నీళ్ళు నేనే తాగాను.

ఆ దూరం ఎంతోసేపు నిలవలేదు. జూలైలో కూడా నీడ పట్టున అక్కడక్కడా మంచు మిగిలే ఉంటుంది. ఆ మంచు మీద మైలిస్ కాలు సర్రున జారింది.

“ఒరేయ్! పట్టుకోరా!”

రెండు చేతులా పట్టుకున్నాను. మనుషులకు ‘మీరు’ నుంచి ‘నువ్వు’ దాకా రావడానికి నెలలు పడతాయి. మైలిస్ నువ్వుని కూడా దాటేసి, ఒక్క జారుడుకి నేరుగా ‘ఒరేయ్’ దగ్గరికి వచ్చి పడింది.

“నవ్వావంటే చంపేస్తా.”

“నవ్వట్లేదు.”

“వదిలెయ్. అంటే… వదలకు. ఆ రాయి దాకా వెళ్ళాక వదులు.”

రాయి దాటాక కూడా ఆమె గుర్తుచేయలేదు. నేనెందుకు గుర్తుచేస్తాను, నాకేమైనా పిచ్చా?

మూడో సాయంత్రం గొర్రెల కాపరుల గుడిసె దగ్గర ఆగాం. కనుమ అక్కడికి దగ్గరే. పొయ్యి మీద కస్సూలే వేడెక్కుతుంటే, నిన్నటిదాకా ఆ సీసాలను చూసి నవ్వినవాళ్ళందరూ గిన్నెలు పట్టుకుని వరస కట్టారు. తాతయ్య రెండుసార్లు పెట్టించుకుని, “మీ అమ్మకి దండం పెట్టానని చెప్పమ్మా” అన్నాడు. నేనూ మైలిసూ బయట గోడ మీద కూర్చుని తడిసిన సాక్సులు ఆరేస్తున్నాం. ఎదురుగా వాలియే శిఖరం మబ్బులోంచి తొంగిచూస్తోంది. జన్మకిది చాలనిపించింది.

“రేపు అవతలికి దిగాక తిండి ఏం దొరుకుతుంది?” అంది మైలిస్.

“నాకేం తెలుసు?”

“అదేంటి, ఏటా వస్తావుగా?”

“కనుమ దాకానే. కజాలేలెవరూ అది దాటరు. అక్కడ టోపీ తాకి, చేత్తో దారి చూపించి వెనక్కి తిరుగుతాం. ముత్తాత నుంచీ అంతే. కజాలే అవతలికి దిగితే ముత్తాత గోరీలో లేచి కూర్చుంటాడని తాతయ్య అంటాడు.”

మైలిస్ ముఖంలో నవ్వు ఆగిపోయింది.

“అంటే మనుషుల్ని వదిలేయడం మీకు ఆచారం కూడానా?”

“వదిలేయడం కాదు…”

“రేపు అవతలి ఊళ్ళో బస్సెక్కి బార్సిలోనా వెళ్ళి, అటు నుంచి అటే ఇంటికెళ్ళిపోతా. తెలుసుగా?”

“తెలుసు.”

“తెలిసే సాక్సులు ఆరేస్తున్నావా?”

ఫోన్ నంబరైనా అడగలేకపోయావా అంటారేమో. అడిగాను. “సగం దారిలో దిగబెట్టేవాళ్ళకి నంబరు ఇవ్వం. అది మా ఇంటి ఆచారం” అని సాక్సులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఒకటి నాది. అది కూడా తీసుకెళ్ళింది.

నాకు మైలిస్ కావాలి. ఆ మాట ఆ గోడ మీద ఒంటి సాక్సుతో కూర్చుని పైకే అనుకున్నాను. కానీ పుట్టినప్పటి నుంచీ తాతయ్య మాట జవదాటి ఎరగను. రేపు కనుమ దగ్గర ఆయన చూస్తుండగా అటు అడుగు ఎలా వేయను?

మరునాడు కనుమ మీద గాలికి నిలబడడమే కష్టంగా ఉంది. ఇటు మా లోయ, అటు స్పెయిన్. జనం ఒకరినొకరు కౌగిలించుకుని ఫోటోలు దిగి, అవతలికి దిగడం మొదలుపెట్టారు. మైలిస్ దిగలేదు. తిన్నగా తాతయ్య ఎదుటికి వెళ్ళి నిలబడింది.

“తాతగారూ, ఒక మాట అడగాలి. మా ముత్తాతకి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. జర్మనీ ఫ్యాక్టరీలో పనికి పొమ్మంటే పారిపోయి వచ్చాడు. మీ నాన్నగారు ఇక్కడిదాకా తెచ్చి, టోపీ తాకి వెళ్ళిపోయారు. మా ముత్తాత ఒక్కడే మంచులో దిగాడు. కాలివేళ్ళు రెండు పోయాయి. ఎందుకు వదిలేశారండీ?”

తాతయ్య టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆయన అలా తీయడం చర్చిలో తప్ప నేను చూడలేదు.

“కింద అడివి అంచున మా పశువుల కొట్టం ఉండేదమ్మా. ఒక గుంపుని పైకి తెచ్చేసరికి ఇంకో గుంపు అక్కడ గడ్డి కింద నక్కి ఉండేది. పసిపిల్లలు, ముసలివాళ్ళు. తెల్లారేలోగా మా నాన్న చేరకపోతే జర్మన్ల గస్తీ చేరేది. అవతలికి దిగితే ఇంక చేరలేడు. అందుకని ఇక్కడితో ఆగేవాడు. టోపీ తాకడం సెలవని చెప్పడానికి కాదు తల్లీ. తప్పు క్షమించమని.”

ఈ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. ఏటా టోపీ తాకుతూనే ఉన్నాను, ఎందుకని ఏనాడూ అడగలేదు.

మైలిస్ కళ్ళు తుడుచుకుని, తాతయ్య భుజాలు పట్టుకుని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. “మా ఇంట్లో ఒక మాట మార్చాలి. వెళ్ళగానే మారుస్తా” అంది. తాతయ్యకి అర్థం కాలేదు గానీ, సరే అన్నట్టు తలూపాడు.

తరవాత నా వైపు తిరిగింది. కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

“సరే రెమీ. వెళ్ళొస్తా.”

“ఊఁ.”

“ఊఁ ఒక్కటేనా?”

తాతయ్య పక్కనే ఉన్నాడు. టోపీ తాకాను, చెయ్యి చాచి దారి చూపించాను. మైలిస్ చూపు దించుకుని, గిరుక్కున తిరిగి దిగిపోయింది. నేను ఇటు తిరిగి రెండడుగులు వేశాను.

“ఎక్కడికిరా?” అన్నాడు తాతయ్య.

“కిందికి.”

“కింద ఎవరున్నారు?”

“గొర్రెలు.”

“వాటికి మీ నాన్న ఉన్నాడు, కుక్క ఉంది. ఇంకెవరున్నారు?”

“ఎవరూ లేరు. కానీ ఆచారం…”

“ఇంతసేపూ ఆ పిల్లకి ఏం చెప్పాన్రా నేను? చెవుల్లో గొర్రెబొచ్చు పెట్టుకున్నావా? కింద మనుషులు ఎదురుచూస్తున్నారు కాబట్టి మా నాన్న ఇటు దిగాడు. ఎదురుచూసేవాళ్ళు ఏ వైపుంటే ఆ వైపు దిగడమే రా మన ఆచారం! అటు చూడు!”

చూశాను. అవతలి వాలులో గుంపు ఎప్పుడో సాగిపోయింది. ఎర్ర జాకెట్టు ఒక్కటే ఒక బండ మీద కూర్చుని బూటు తాడు కట్టుకుంటోంది. విప్పింది. మళ్ళీ కట్టుకుంది. మళ్ళీ విప్పింది.

“ఆ తాడు తెగేలోగా పోరా వెధవా!”

పరిగెత్తాను. పరుగు సగంలోనే మంచు మీద కాళ్ళు పైకి లేచాయి. మిగతా సగం కూర్చునే ప్రయాణం. జారుకుంటూ వెళ్ళి, టోపీ ఒక చోట నేనొక చోట, సరిగ్గా ఆమె బూట్ల ముందు ఆగాను.

“ఏంటి, కాలు జారిందా?” అంది. పెదాల మీద నవ్వు ఆగడం లేదు.

“కాలు కాదు, మన…”

“మనసు అన్నావంటే పైకి తోసేస్తా.”

“సరే, అనను. నువ్వంటే ఇష్టం మైలిస్. వంతెన మీద తిట్టినప్పటి నుంచీ ఇష్టం. నువ్వు బస్సెక్కితే నేనూ ఎక్కుతా. మీ అమ్మ దగ్గరికి వస్తా. మీ వంటగదికి రంగు నేను వేస్తా.”

“నాకూ ఇష్టమే. కాకపోతే రెండో రోజు నుంచి. మొదటి రోజు నిజంగానే చంపాలనిపించింది.”

“ఇప్పుడు?”

“ఇప్పుడూ అప్పుడప్పుడూ.” చెయ్యి చాచి నన్ను లేపింది. లేచాక కూడా ఆ చెయ్యి నేను వదల్లేదు, ఆమె లాక్కోలేదు. “పద. దారి చూపించు.”

అటూ ఇటూ చూశాను. రాళ్ళు, మంచు, గడ్డి. గుంపు జాడ లేదు.

“ఇటు దారి నాకు తెలీదు.”

“బాగుంది! గైడుకి దారి తెలీదట!”

“కుడికి వెళ్దాం.”

కుడికి నాలుగడుగులు వేశామో లేదో, పైనుంచి తాతయ్య గొంతు లోయంతా మారుమోగింది. “ఎడమకి రా! ఎడమకి! కుడికి పోతే మోకాలి లోతు బురద! ఆ నల్ల బండ దాటాక వాగు పక్కనే దిగండి, వంతెన దగ్గర మంచి నీళ్ళు ఉంటాయి!”

ఇద్దరం ఆగిపోయాం. మైలిస్ నా వైపు వింతగా చూసింది.

“కజాలేలెవరూ కనుమ దాటలేదన్నావు?”

“ఎవరూ దాటలేదు.”

“మరి ఇటువైపు బురద సంగతి ఆయనకెలా తెలుసు? రెమీ, మీ నానమ్మది ఏ ఊరు?”

“ఇదే. ఈ కింది లోయే. కానీ వాళ్ళు కలిసింది సాన్-జిరోన్ సంతలో…”

మాట పూర్తికాకుండానే మైలిస్ మంచులో కూలబడి పడీపడీ నవ్వింది. నేను రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పైకి అరిచాను. “తాతయ్యా! నిజం చెప్పు! సంతలోనేనా?”

పైన తాతయ్య టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

“ఆ సంగతి మీ నానమ్మనే అడుగు! ముందు ఎడమకి తిరగరా!”

మేము ఎడమకి తిరిగాం.