నబుకీర బుగ్గలు

మసాకా ఊళ్ళో బడి తెరిచిన మొదటి రోజే నబుకీర టీచరుకు, సెలవులకు ముందే కొత్తగా చేరిన జాగ్రఫీ మాస్టారికి చెడింది. తప్పు ఆయనది కాదు, ఆ ఊరి మర్యాదది.

"మేడం, సెలవులు మీకు భలే వంటబట్టాయి! ఎంత చక్కగా ఒళ్ళు చేశారు!" అన్నాడు లుటాయ, స్టాఫ్‌రూమ్ అంతటికీ వినిపించేలా. మసాకా ఉన్న బుగాండా సీమలో లావయ్యావంటే బాగున్నావని దీవించినట్టే.

"ఇది సెలవుల ఒళ్ళు కాదు మాస్టారూ, మాత్రల ఒళ్ళు," అని సుద్దముక్క విరిచేసి వెళ్ళిపోయింది నబుకీర.

లూపస్ అని డాక్టర్ పేరు పెట్టింది. ఒంట్లో కాపలా కాయవలసిన శక్తి ఇంటివాళ్ళ మీదే తిరగబడే జబ్బు. కీళ్ళు పట్టేసి, చిక్కి సగమైనప్పుడు ఏదో చెడ్డ రోగమని ఊళ్ళో గుసగుసలు పుట్టాయి. స్టెరాయిడ్ మాత్రలు మొదలెట్టాక నొప్పులు తగ్గాయి, ఆకలి పెరిగింది, ముఖం నిండు చందమామయింది. గుసగుసలాడినవాళ్ళే ఇప్పుడు "దేవుడు చల్లగా చూశాడమ్మా" అంటున్నారు. రోగానికి గుసగుస, మందుకి మెప్పు. మరి తనకేమిటి?

లుటాయ మాత్రం క్షమాపణ చెప్పడానికి సాయంత్రం బడి గేటు ముందు, చపాతీలో గుడ్డట్టు చుట్టి ఇచ్చే రోలెక్స్ బండి దగ్గర నిలబడ్డాడు. మర్నాడూ నిలబడ్డాడు. క్షమాపణ ఎప్పుడో అయిపోయింది, నిలబడటం మాత్రం ఆగలేదు. వానాకాలం వెళ్ళేసరికి ఇద్దరి వంశాలూ వేరని తేలింది, పెద్దలు ఒప్పుకున్నారు, క్వాంజులాకు రోజు పెట్టారు. ఆ రోజు పెళ్ళికొడుకు తరఫువాళ్ళు బుట్టలతో అమ్మాయి ఇంటికి వచ్చి పిల్లను అడుగుతారు.

సరిగ్గా అప్పుడే డాక్టర్ అంది: "ఇక మాత్ర మోతాదు మెల్లగా తగ్గిద్దాం. ముఖం వాపు కూడా నెమ్మదిగా తగ్గుతుంది. ఇంకో మందు మాత్రం వేసుకుంటూనే ఉండాలి. దానితో ఒళ్ళు రాదులే."

ఆ మాట వినగానే మేనత్త నకాయిజా గుండెలు బాదుకుంది. "ఇప్పుడేం తొందరే? అబ్బాయి తరఫువాళ్ళు నీ బుగ్గలు చూసే మురిశారు. క్వాంజులా దాటనీ!"

నబుకీర పాత మోతాదే మింగుతూ వచ్చింది. మింగిన ప్రతిసారీ మాత్రతోపాటు ఒక అబద్ధం కూడా గొంతు దిగినట్టుండేది.

ఒక సాయంత్రం రోలెక్స్ బండి గొడుగు కింద, అకాలపు వాన చినుకుల్లో, చెప్పేసింది.

"నీకు నచ్చిన బుగ్గలు నావి కావు. మందువి."

లుటాయ నమలడం ఆపాడు. "మరి రెండు రోలెక్సులు లాగించే ఆకలి?"

"అదీ మందుదే."

"సుద్దముక్కలు విరిచే కోపం?"

"సగం మందుది."

"ఆ మిగతా సగం?"

"పుట్టుకతో వచ్చింది."

"హమ్మయ్య!" అన్నాడు. నవ్వబోతూ ఆగి, "డాక్టర్ తగ్గించమంటే నువ్వెందుకు తగ్గించలేదు?" అని అడిగాడు. ఆమె బుగ్గ తడుముకుంది, అతనికి అర్థమైంది. అతను అంత గట్టిగా మాట్లాడటం ఆమె మొదటిసారి విన్నది. "నా కళ్ళ కోసం నీ ఒళ్ళు పాడు చేసుకుంటావా? బుగ్గలు నచ్చాయి, అబద్ధం ఆడను. కానీ నేను రోజూ నిలబడింది బుగ్గల కోసం కాదు, తిట్ల కోసం. పద, ముందు డాక్టర్ దగ్గరికి."

క్వాంజులా నాటికి ముఖం వాపు కాస్త తగ్గింది. ఆ రోజు తొడుక్కునే గోమెసి అన్న పొడవాటి వదులు గౌను ఎంత ఒంటికైనా సరిపోతుంది. నడుముకు కట్టే పట్టు గుడ్డ మాత్రం ఇంకో చుట్టు తిరిగింది. బయట షామియానాలో మగపెళ్ళివారి తరఫున మాట్లాడే పెద్దాయన, పిల్ల వచ్చి మోకాళ్ళ మీద కూర్చోగానే గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, మేము చూసిన పిల్ల నిండు చందమామ. ఈ నెలవంకను ఎవరు పంపారు?"

షామియానా గొల్లుమంది. అది ఆచారపు వేళాకోళమే. అయినా నబుకీర నడుము గుడ్డ ముడి తడుముకుంది. మేనత్త 'చెప్పానా?' అన్నట్టు చూసింది.

పెళ్ళికొడుకు ఆ రోజు నోరు మెదపకూడదు. మెదిపితే ఒక కోడి జరిమానా. లుటాయ లేచి నిలబడ్డాడు.

"ఈవిడే! నేను అడిగింది ఈవిడనే!"

అందరి తలలూ అతని వైపు తిరిగాయి. తర్వాత నవ్వులు, చప్పట్లు, అరుపులు. "నోరు జారాడు! కోడి తెండి, కోడి తెండి!" అన్నారు అమ్మాయి తరఫు పెద్దలు.

ఆచారం ప్రకారం పెళ్ళికొడుకును గుర్తుపట్టి చూపించాల్సిన మేనత్త అందరికంటే ముందు లేచి, జనంలోంచి అతని చేయి పట్టి ముందుకు నడిపించింది. "మా అల్లుడు వీడే," అంది, కళ్ళు తుడుచుకుంటూ. నడుస్తూనే అతని చెవిలో, "కోడిని మాత్రం బలిసినదాన్నే తేవాలి," అని కూడా అంది.

నబుకీర తల వంచి నవ్వింది. ఆ నవ్వు ఏ మందుదీ కాదు.