ఉషను కుప్పం పంపిన రోజు

ప్రీతి నిద్ర లేచి వచ్చేసరికి వంటింట్లో అప్పుడే పాఠం మొదలైంది. వాళ్లమ్మ రాజేశ్వరి కొత్త సిలిండర్ ముందు చతికిలబడి, ఉషను పక్కన కూర్చోబెట్టుకుని రెగ్యులేటర్ బిగించడం చూపిస్తోంది.

"గ్యాస్ వాసన వస్తే లైటు ఎయ్యొద్దు. ముందు కిటికీలు తెరువు. ఏదీ, నువ్వు బిగించు సూస్తాను."

ఉష బిగించింది. "మా తల్లే!" అంటూ రాజేశ్వరి ఆ పిల్ల తల నిమిరింది. గడపలో నిలబడ్డ ప్రీతికి ఒళ్లు మండిపోయింది.

ఉష ఆ ఇంటికి వచ్చి ఆరేళ్లయింది. పుంగనూరులో ఉన్న ఒక్క అవ్వ కూడా పోయాక, పిల్లల సంక్షేమ ఆఫీసు వాళ్లు ఆమెను మదనపల్లెలో రాజేశ్వరి దగ్గర పెట్టారు. పద్దెనిమిది నిండేదాకా పెంచడం వీళ్ల బాధ్యత. ఆ తరవాత ఉష తన కాళ్ల మీద తను నిలబడాలి. వచ్చే నెలే ఆ పుట్టినరోజు. కుప్పంలో నర్సింగ్ సీటు వచ్చింది. అక్కడ గది తీసుకుని ఒంటరిగా ఉండాలి. అందుకే మూడు నెలలుగా రాజేశ్వరికి ఉష తప్ప వేరే లోకం లేదు. బ్యాంకులో ఫారం నింపడం, జ్వరమొస్తే ఏం చేయాలో, ఎవడైనా వెంటబడితే ఎవరికి ఫోన్ చేయాలో, అన్నీ నేర్పింది. పోయిన వారం స్కూలు సర్టిఫికెట్ కోసం పుంగనూరుకు ఒక్కదాన్నే బస్సెక్కించింది.

ఉషకంటే నాలుగు నెలలే చిన్న అయిన ప్రీతి మాత్రం పక్క ఊరు అంగళ్లులో ఉన్న కాలేజీకి ఇప్పటికీ నాన్న బండి మీదే పోవాలి. "నాకెప్పుడైనా ఇవన్నీ నేర్పించినావామా?" అని ఒకసారి అడిగింది కూడా.

"నీకు యాలమ్మే? నేనుండాను కదా," అని తల్లి నవ్వేసింది.

ఆ నవ్వు ప్రీతికి ముల్లులా గుచ్చుకుంది. ఆరేళ్ల కింద వచ్చిన పిల్ల గడుసుదీ, కన్నకూతురు చేతకానిదీ అన్నమాట.

ఆ రోజే అడ్మిషన్‌కు ఆఖరి రోజు. ఎనిమిదింటికి బస్సు. ఏడున్నరకు చూస్తే ఉష సర్టిఫికెట్ల ఫైలు లేదు. రాజేశ్వరి బీరువా మొత్తం కుమ్మరించింది. పరుపులు ఎత్తి చూసింది. 

"ప్రీతీ, నువ్వేమన్నా సూసినావా?"

"నాకేం తెలుసు? నీ ముద్దుల కూతుర్ని అడుగు."

రాజేశ్వరి ఆగిపోయింది. "ఏం మాటమ్మే అది?"

"ఉండే మాటే! మూడు నెలలుగా నేను తిన్నానా, పండుకున్నానా అని ఒక్కరోజన్నా అడిగినావా? పొద్దున లేస్తే ఉషా, మాపటికి ఉషా. కన్నది నన్నే కదా? ఆ ఫైలు దొరక్కపోతేనే మంచిది!"

ఫైలు దాచింది ఎవరో రాజేశ్వరికి అర్థమైంది. చెయ్యి లేచింది. ఉష ఉరికొచ్చి మధ్యలో నిలబడింది.

"కొట్టొద్దుమా. ఫైలు లేదంటానే నాకూ సంతోషమయింది."

ఇద్దరూ ఆమెను చూశారు.

"ఈ పొద్దు పోకపోతే సీటు పోతాది, ఈడే ఉండొచ్చు అనుకున్నా." ఉష ప్రీతి వైపు తిరిగింది. "నాకు నేర్పిస్తాంటే నీకు మంట. నీకు నేర్పించలేదని నాకు మంట. అమ్మ నీకు సిలిండర్ బిగించేది యాల నేర్పలేదో తెలుసా? నువ్వు ఈ ఇంట్లోనే ఉంటావని. నాకు నేర్పిందంతా ఈడినుంచి పోయేదానికే గదా. ఒక్కో పని నేర్చుకుంటాంటే ఒక్కో రోజు తగ్గిపోతాండాదని ఏడిసేదాన్ని."

 ప్రీతి మెల్లగా లోపలికి పోయి, బియ్యం డ్రమ్ము వెనక నుంచి ఫైలు తీసుకొచ్చింది. తల్లికి ఇవ్వలేదు. ఉష చేతిలో పెట్టింది. "నేనూ వస్తాను బస్సుకు," అంది తలెత్తకుండా.

ముగ్గురూ పరుగు పరుగున బస్సు అందుకున్నారు. పుంగనూరు బస్టాండులో బస్సు ఆగినప్పుడు ఉష కిటికీలోంచి చూపించింది. "ఆడే మా అవ్వ పూలమ్మేది." ఆరేళ్లలో ప్రీతి ఆ సంగతి ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు కుప్పం చేరేదాకా అడుగుతూనే ఉంది.

అడ్మిషన్ పని గంటలో అయిపోయింది. కాలేజీ వెనక వీధిలో నారాయణమ్మ అనే ఆవిడ ఇంట్లో గది కుదిరింది. ఆమె ఉషను ఎగాదిగా చూసి అడిగింది.

"అంతా బాగుండాది గానీ, సెలవులకు యాడికి పోతాదమ్మా ఈ అమ్మి? మేం ఊరికి పోతే ఇల్లు తాళమేస్తాం."

ఉష తల దించుకుంది. రాజేశ్వరి ఉష వైపు చూసింది. మూడు నెలలుగా ఇన్ని నేర్పించింది, ఈ ఒక్క మాట మాత్రం ఆ పిల్లకు చెప్పలేదు. చెప్పకుండానే తెలుసుననుకుంది.

"ఇంటికొస్తాది," అంది ప్రీతి. "మదనపల్లెకు. యాడికి పోతాది మరి?"

ఉష మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చేసింది. రాజేశ్వరి ఇద్దర్నీ కలిపి దగ్గరికి లాక్కుంది.

"తప్పు నాదేమ్మా," అంది ఏడుస్తూనే. "పోయే దారి నేర్పించినా గానీ, తిరిగొచ్చే దారి ఉండాదని చెప్పలేదు."