నెత్తురు, నెత్తురు, తక్

మంగళవారం వస్తే చాలు, కోడలు రబాబ్‌కి ఆకలి ఉండదు. ఇన్షిరాహ్ ఫూల్ అనే చిక్కుడు గింజలు మెత్తగా ఉడికించి, నూనె, జీలకర్ర కలిపి బల్లమీద పెట్టింది. రబాబ్ ఒక్క రొట్టెముక్క ముంచుకు తిని సంచి భుజాన వేసుకుంది.

“వచ్చాక తింటానత్తయ్యా. కడుపు బరువుగా ఉండకూడదు.”

“ఏం పనమ్మా అది, అంత ఖాళీ కడుపుతో చేసేది?”

“స్నేహితురాలి ఇంటికే...” అంటూ మెట్లు దిగిపోయింది.

స్నేహితురాలి ఇంటికి పస్తుండి వెళ్ళడం ఇన్షిరాహ్ ఎన్నడూ వినలేదు. రెండు నెలలుగా ఇదే వరస. సాయంత్రాలు గది తలుపేసుకుంటుంది. లోపల ఏవో అడుగుల చప్పుళ్ళు. తలుపు తడితే చెమటలు కక్కుతూ బయటికొస్తుంది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు.

ఎదురు బాల్కనీలో ఉమ్ కరీం బట్టలు ఆరేస్తూ ఇన్షిరాహ్ చెప్పుకున్నదంతా విని, నోట్లో క్లిప్పు తీసి మరీ చెప్పింది. “మా పిన్ని కోడలూ ఇలాగే తలుపులేసుకునేది. ఏడాది తిరక్కుండా కొడుకు తల్లి ముఖం చూడ్డం మానేశాడు.”

“మందు పెట్టిందంటావా?”

“నేనేమీ అన్లేదు తల్లీ! పరుపు కింద ఒకసారి చూసుకో.”

పరుపు కింద నోటు పుస్తకం దొరికింది. ఇన్షిరాహ్ కళ్ళజోడు సవరించుకుని చదివింది. ‘మంగళవారం ఒక్కటీ తప్పకూడదు. పది నిమిషాలు ముందే చేరాలి. ఆమె ముఖం కాదు, పాదాలు చూడాలి. అర్థంకానిది అడక్కుండా ఇంటికి రాకూడదు. విన్నది ఆ రోజే రాసుకోవాలి. రోజూ ఇరవై నిమిషాలు, తలుపేసుకుని. పక్కవాళ్ళతో పోల్చుకోకూడదు.’ దాని కింద పేజీ నిండా: నెత్తురు నెత్తురు తక్, నెత్తురు తక్. చివర ఎర్ర సిరాతో, ‘సమాహ్ గోరింటాకు వేడుకకల్లా పూర్తి కావాలి.’

సమాహ్ తన కూతురు. వచ్చే వారమే పెళ్ళి. ఇన్షిరాహ్ కొడుక్కి ఫోన్ చేసింది.

“వాయిల్, వెంటనే రా. ఈ ఇంట్లో నేనైనా ఉండాలి, నీ పెళ్ళామైనా ఉండాలి.”

కొడుకు కన్నా ముందు కోడలే వచ్చింది. పుస్తకం చూడగానే ఆమె ముఖం పాలిపోయింది.

“చదివారా అత్తయ్యా?”

“చదవకుండా ఉంటానా? నా కూతురి పెళ్ళికి నెత్తురు రాస్తావా? ఏ మంత్రగత్తె పాదాలు చూసొస్తున్నావే?”

రబాబ్‌కి ముందు ఏమీ బోధపడలేదు. తర్వాత ఆ పేజీ చూసి ఫక్కున నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది.

“నెత్తురు కాదు, దుమ్! డోలు నడిమధ్య అరచేత్తో కొడితే దుమ్, అంచున వేళ్ళతో కొడితే తక్!”

వాళ్ళ అరబ్బీ రాతలో దుమ్ అన్నా అవే రెండక్షరాలు, దమ్ అన్నా అవే. దమ్ అంటే నెత్తురు. భయపడుతూ పట్టి పట్టి చదివిన ఇన్షిరాహ్‌కి నెత్తురే కనబడింది.

“డోలుతో నీకేం పని?”

“నాట్యం క్లాసుకి వెళ్తున్నాను.”

“నాట్యం ఒకరు నేర్పాలా? మన పిల్లలు గరిటె పట్టడం కన్నా ముందే నడుం తిప్పుతారు! క్లాసులకి పోయేది పరదేశీలు, లేదంటే స్టేజీ ఎక్కేవాళ్ళు. నా కొడుకు పరువేం కాను?”

“స్టేజీ కోసం కాదు, సమాహ్ వేడుకలో మీ ముందు ఆడాలని. మా నాన్న ఇంట్లో పాట మోగనిచ్చేవాడు కాదు. నా పెళ్ళిలో మీవాళ్ళంతా నన్ను మధ్యలోకి తోశారు. నాకు రాక నిలబడిపోయాను. అప్పుడు మీరేమన్నారో గుర్తుందా?”

ఇన్షిరాహ్‌కి గుర్తులేదు.

“‘మావాడికి పెళ్ళామనుకుంటే బీరువా వచ్చింది’ అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మూడేళ్ళయింది అత్తయ్యా. ఇప్పటికీ ఎవరింట పెళ్ళన్నా తలనొప్పని చెప్పి ఇంట్లో ఉండిపోతాను.”

ఆ తలనొప్పులను ఇన్షిరాహ్ ఇన్నాళ్ళూ పొగరనుకుంది. అలాంటి వేళాకోళాలు రోజుకు పది విసురుతుంది తను. అన్నవాళ్ళు మరచిపోతారు, పడ్డవాళ్ళు మోస్తారు. ఒక్కమాట కోసం ఈ పిల్ల పుస్తకం పెట్టుకుని, పస్తుండి, తలుపేసుకుని చెమటోడ్చింది.

వాయిల్ రొప్పుతూ లోపలికొచ్చాడు. “ఏమైందమ్మా? ఎవరు వెళ్ళిపోవాలి?”

“ఎవరూ పోరు. తప్పు నాది. చేసి మూడేళ్ళయింది, ఇవాళ తెలిసింది.”

తల్లి నోట ఆ మాట వాయిల్ పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

ఇన్షిరాహ్ తలగుడ్డ కొంగుతో కోడలి కళ్ళు తుడవబోయి, తనే బావురుమంది.

“ఇంకా సరిగ్గా రాలేదత్తయ్యా,” అంది రబాబ్ వెక్కుతూ.

“రాకపోతే మానె. ఆ రోజు నీ చెయ్యి పట్టుకుని మధ్యలోకి నేనే తీసుకెళ్తాను. ముందు నేనే అందరికీ చెబుతాను, నీ పెళ్ళిలో నేనన్న మాట. నవ్వేవాళ్ళుంటే నన్ను చూసి నవ్వనీ.”