బసవపున్నయ్య మాస్టారి నాలుగు కాయలు

నాలుగు మామిడికాయలు పోతే డిటెక్టివ్ దగ్గరికి రావడమేమిటని అసిస్టెంటు ఏడుకొండలుకు నవ్వొచ్చింది. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి కళ్ళు చూశాక ఆ నవ్వు కాస్తా మింగేశాడు.

ఆయన పేరు బసవపున్నయ్య. తిరువూరు కాలేజీలో బోటనీ లెక్చరరు. మొదటి బస్సుకు బెజవాడ వచ్చి, డిటెక్టివ్ సుందరరాజు గదిలో కూలబడ్డాడు.

"ఎనిమిదేళ్ళండీ! బంగినపల్లికి, చిన్నరసానికి సంకరం చేసి ఒక్క చెట్టు పెంచాను. ఈ వేసవికి తొలికాపు, నాలుగే కాయలు. మంచి పరిశోధన చేసిన లెక్చరర్లకు విశ్వవిద్యాలయం ఇచ్చే బహుమతికి నా పేరు వెళ్ళింది. రేపు కమిటీ వాళ్ళు కాయ చూడ్డానికి వస్తున్నారు. నిన్న ఆదివారం సాయంత్రం తోటకెళితే కాయల్లేవు! కాయ లేకపోతే నా పరిశోధన ఉత్త కాగితమే. వచ్చే ఏడు రిటైరవుతాను. ఇంక నాకు అవకాశం లేదండీ."

"ఎవరిమీదైనా అనుమానమా?" అడిగాడు సుందరరాజు.

"అనుమానమేంటండీ, సీతారామారావే! మా కెమిస్ట్రీ లెక్చరరు. అదే బహుమతికి వాడి పేరూ వెళ్ళింది. నిన్న దీపాలు పెట్టేవేళ చేతిసంచీతో మా గుమ్మంలోకొచ్చాడు, ఓదార్చడానికి కాబోలు. 'దొంగవెధవా' అని మొహం మీదే తలుపేశాను."

"సంచీతోనా?" అని మాత్రం అడిగి సుందరరాజు చెప్పులు వేసుకున్నాడు. ఆయన అలా ఒక్క ముక్క అడిగి ఊరుకున్నాడంటే ఏదో దొరికిందన్నమాటే. ఆ ఏదో ఏమిటో ఏడుకొండలుకు ఏనాడూ ముందు తెలిసిన పాపాన పోలేదు.

తోట విస్సన్నపేట రోడ్డులో ఉంది. కంచె చెక్కుచెదరలేదు. కాయలను గుంజి తెంపలేదు, తొడిమతో సహా కత్తితో నున్నగా కోశారు. కింద ఆకుల మీద సొన చుక్క కూడా లేదు. కాయలకు కట్టిన గుడ్డసంచులు నాలుగూ ఉతికి, ఆరేసి, మడత పెట్టి పాక చూరులో దోపి ఉన్నాయి.

"దొంగ శుభ్రమైన మనిషే సార్," అన్నాడు ఏడుకొండలు.

"భక్తి గల మనిషి కూడానోయ్," అన్నాడు సుందరరాజు.

తోటకు కాపలా హన్నమ్మ. మొక్క నాటిన నాటినుంచి దానికి నీళ్ళు మోసింది ఆమే.

"నిన్న పొద్దున ఎక్కడున్నావమ్మా?"

"ఆదివారం గదండీ, చర్చికెళ్ళాను."

"తోటలోకి ఎవరన్నా వచ్చారా?"

"పరాయోళ్ళెవరూ రాలేదండీ." ఆమె కొంగు నులుముకుంది. "సారుకు ప్రైజొచ్చిందన్నారు గదండీ. మళ్ళీ ఆ వచ్చేవాళ్ళెవరండీ? కాయలతో వాళ్ళకేం పని?"

"ప్రైజు రాలేదు హన్నమ్మా, పేరు వెళ్ళిందంతే!" అని బసవపున్నయ్య విసుక్కున్నాడు. ఆమె మొహం పాలిపోయింది. పాపం, మాస్టారి బాధ చూసి అలా అయిపోయిందనుకున్నాడు ఏడుకొండలు.

ఊళ్ళోకి వచ్చేటప్పుడు సుందరరాజు చర్చి దగ్గర ఆగాడు. అరుగు మీద ఒక గుమ్మడికాయ, అరటిగెల మిగిలి ఉన్నాయి. పాస్టరుగారితో కాసేపు మాట్లాడి వచ్చి, "అందరం సీతారామారావుగారింట్లో కలుద్దాం," అన్నాడు. దొంగ గడప తొక్కనని బసవపున్నయ్య మొండికేస్తే చెయ్యి పట్టుకుని మరీ తీసుకెళ్ళాడు. హన్నమ్మ వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. సీతారామారావు ముఖం మాడ్చుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"ఈ కేసులో దొంగ లేడు," అన్నాడు సుందరరాజు. "గిట్టనివాడైతే ఓ రాయి విసిరి పోతాడు. సొన కారకుండా కోసి, సంచులు ఉతికి మడత పెట్టారంటే ఆ కాయలంటే ప్రాణం పెట్టేవాళ్ళ పనే. పరాయివాళ్ళు రాలేదని హన్నమ్మ నిజమే చెప్పింది. పేరు వెళ్ళిందంటే ప్రైజు వచ్చేసిందనుకుని, తొలికాపు తీసుకెళ్ళి చర్చిలో కానుక పెట్టింది. ప్రార్థనయ్యాక కానుకలన్నీ ఆవరణలో వేలం వేస్తారు. ఊళ్ళో ఎవరైనా పాడుకోవచ్చు."

హన్నమ్మ భోరుమంది. "సారుకు ప్రైజొస్తే తొలికాపు దేవుడికిస్తానని మొక్కుకున్నానండీ. ఉపవాసాలు కూడా ఉన్నాను. నిన్న సారు దొంగ దొంగ అని అరుస్తుంటే భయంతో నోరు పెగల్లేదండీ."

"మరి కాయలు ఎవరు పాడుకున్నారు?" అడిగాడు బసవపున్నయ్య.

"సంచీ పట్టుకుని మీ గుమ్మంలోకి వచ్చినాయన. ఓదార్చడానికి రాలేదు మాస్టారూ, ఇవ్వడానికొచ్చాడు."

సీతారామారావు లోపలికెళ్ళి బుట్ట తెచ్చాడు. ఎండుగడ్డిలో నాలుగు కాయలూ భద్రంగా ఉన్నాయి. "చూడగానే పోల్చుకున్నాను. ఇంకెవరన్నా పాడుకుంటే నీకు టెంకలే మిగిలేవి. తెస్తేనేమో దొంగవెధవా అన్నావు! పొద్దున్నే పంపిద్దామంటే బెజవాడ బస్సెక్కావు."

"నీ పేరు కూడా పోటీలో ఉంది గదరా..."

"ఉంటే? ఎనిమిదేళ్ళు స్టాఫ్ రూములో ఈ చెట్టు సోది విన్నాను. ఓడితే దీని చేతిలోనే ఓడాలిగానీ, కాయలు పోయి నువ్వు ఓడితే అది నాకు గెలుపా?"

బసవపున్నయ్య అతని చేతులు పట్టుకున్నాడు. తరవాత గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. చివాట్లకు సిద్ధపడి తల వంచుకున్న హన్నమ్మకు దణ్ణం పెట్టాడు.

"పేరు వెళ్ళిందని తెలిసినప్పటినుంచీ ఎవరు అడ్డుపడతారా అనే చూశాను గానీ, ఎవరికి మొక్కాలో నాకు తోచలేదు హన్నమ్మా. నా బదులు నువ్వు మొక్కావు."

మర్నాడు కమిటీ పెద్దాయన కాయలన్నీ తిప్పి చూసి, మెత్తబడిన ఒకదాన్ని కోయించాడు. ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఇంకో ముక్క అడిగాడట.

వానాకాలంలో ఒక రోజు పేపర్లో ఫోటో పడింది. బహుమతి పతకం బసవపున్నయ్య మెడలో లేదు. హన్నమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. పక్కన సీతారామారావు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. ఏడుకొండలుకు గుండె నిండిపోయింది. దొంగ దొరకనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నది తన ఉద్యోగంలో అదే మొదటిసారి.