సాయిలు బీకాంలో చేరతాడట!

ఆ సాయంత్రం సాయిలు చూసింది నాలుగు గొర్రెలను. వాటిని చూస్తే ఎవరికైనా కడుపు మండుతుందా? సాయిలుకు మండింది.

ఆ గొర్రెలు సాయిలు మనసుపడ్డ సైదమ్మవి. అందులో అనుమానం లేదు. ఒక్కొక్కదాని మెడ మీదా ఆమె తన చేత్తో పూసిన ఎర్రటి జాజు గుర్తుంది. అవి ఉన్నది మాత్రం భిక్షం వాళ్ళ మందలో.

వాళ్ళ గొల్ల కుటుంబాల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆడపిల్ల పుడితే ఒక ఆడ గొర్రెపిల్లను ఆమె పేరున విడిచిపెడతారు. దానికి పుట్టినవన్నీ ఆ పిల్లవే. పెళ్ళి మాట ఖాయమైతే, పిల్లకన్నా ముందు ఆమె గొర్రెలు అత్తవారి మందలో కలుస్తాయి. పైగా భిక్షం సైదమ్మ తండ్రి జానయ్యకు మేనల్లుడు, ఆమెకు మేనబావ. ఇక సాయిలు ఏమనుకోవాలి?

భిక్షం సైకిల్‌కు ఆనుకొని తల దువ్వుకుంటున్నాడు. నల్లగొండ కాలేజీలో బీకాం మొదటి ఏడు పాసైనప్పటి నుంచి గొర్రెలు కాయడానికి కూడా ఇస్త్రీ చొక్కా వేసుకొని వస్తున్నాడు.

"గీ గొర్లు మీ మందల కలిసినయేంది భిక్షం?" అన్నాడు సాయిలు, ఏమీ పట్టనట్టు.

"జానయ్య మామనే తోలిండు."

"ఎన్ని దినాలు ఉంటయి?"

"మా ఇంటికొచ్చినంక ఇగ మాయే గద!" భిక్షం దువ్వెన జేబులో పెట్టుకొని చల్లగా నవ్వాడు.

ఆ నవ్వు చూశాక సాయిలుకు దారి కనిపించలేదు. ఇంటికి ఎలా చేరాడో అతనికే తెలియదు.

అరవై మూడో సంవత్సరం జూన్ నెల అది. సాయిలు పీయూసీ పాసయ్యాడు. ముందర రెండు దారులున్నాయి. ఒకటి హైదరాబాదు పట్నంలోని ఉస్మానియా యూనివర్సిటీ. చిన్నప్పటి నుంచి పానగల్ పక్క గుట్టల మీద గొర్రెల వెంట తిరిగి, రాళ్ళంటే ప్రాణం పెట్టినవాడు. రాళ్ళు ఎలా పుట్టాయో చెప్పే జియాలజీ అనే చదువు ఉస్మానియాలో ఉందని మాస్టారు చెప్పిన రోజు అతనికి నిద్ర పట్టలేదు. కానీ అక్కడ సీటు వస్తుందో రాదో ఇంటర్వ్యూలో తేలాలి. రెండోది నల్లగొండలో బీకాం. ఆ సీటు ఖాయం. చదువు అయిపోగానే నార్కట్‌పల్లి లారీల ఆఫీసులో పని ఇప్పిస్తానని మేనమామ గాలయ్య మాట కూడా ఇచ్చాడు.

చిక్కల్లా ఒక్కటే. ఉస్మానియా ఇంటర్వ్యూ సోమవారం. బీకాంలో చేరడానికి చివరి రోజూ ఆ సోమవారమే. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి పోతుంది.

నిన్నటిదాకా సాయిలు పట్నం పోతాననే మొండికేశాడు. ఇవాళ ఇంట్లో అడుగుపెడుతూనే, "బాపూ, నేను బీకాంల చేరుత," అన్నాడు.

మల్లప్ప నోట్లోని చుట్ట తీసి కొడుకును ఎగాదిగా చూశాడు. "రాళ్ళ చదువో అని మొత్తుకున్నవు గదరా?"

"రాళ్ళల్ల ఏమున్నది?"

"గదే నేను చెప్పిన! రాళ్ళ కోసం పట్నందాక పోవాల్నా? మన గుట్ట మీద లెవ్వా?" మల్లప్ప ముఖం వెలిగిపోయింది. గుర్వమ్మ కొడుకు తల నిమిరి, అప్పటికప్పుడు ఇరుగుపొరుగుకు చెప్పి రావడానికి బయలుదేరింది.

సాయిలు లెక్క సాయిలుకుంది. తాంబూలాలు ఇంకా పుచ్చుకోలేదు. బీకాం చదివేవాడని కదా జానయ్య భిక్షానికి పిల్లనిస్తున్నాడు! తనూ బీకామే చదువుతాడు. పైగా ఊళ్ళోనే ఉండి వాణ్ణి ఒక కంట కనిపెడతాడు. పట్నంలో కూర్చొని రాళ్ళు లెక్కపెడుతుంటే ఇక్కడ సన్నాయి మోగిపోదూ?

మర్నాడు గుట్ట మీద వాన పట్టుకుంది. సాయిలు ఒక చరియ కింద ముడుచుకొని కూర్చుంటే, గొంగడి కప్పుకొని సైదమ్మ విసురుగా వచ్చింది. వాన జల్లుకు ముఖమంతా తడిసింది. ఆ తడిసిన ముఖం ఎంత బాగుందో చూడకూడదని సాయిలు గట్టిగా అనుకున్నాడు. అనుకుంటూనే చూశాడు.

"బీకాంల చేరుతున్నవట?"

"ఎవరు చెప్పిన్రు?"

"మీ అమ్మ. డప్పు కొట్టుడొక్కటే తక్కువ. రాళ్ళ చదువేమైంది?"

"రాళ్ళు ఏడికి పోతయి? ఆడనే ఉంటయి."

"మరి నువ్వెందుకు పోవు?"

"నాకు ఈడ పనున్నది. అయినా నీకెందుకు? నువ్విగ వేరే ఇంటిదానివి. ఇస్త్రీ అంగీలోడు సైకిల్ మీద కూసోబెట్టి ఊరంత తిప్పుతడు."

"ఎవరు, భిక్షమా? గా సైకిల్‌కు ఎనక సీటే లేదు."

"ఓహో! గది గూడ చూసి పెట్టుకున్నవన్నమాట!"

సైదమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నీకేం పురుగు కుట్టింది సాయిలూ?"

"నీ గొర్లు వాళ్ళ మందల కలిసినయి. నా కండ్లతోని చూసిన," అన్నాడు సాయిలు.

సైదమ్మకు అప్పుడు అర్థమైంది. ముందు నోరు తెరిచింది. తర్వాత కడుపు పట్టుకొని నవ్వింది. నవ్వీ నవ్వీ బండ మీద కూలబడింది.

"గొర్లను మంచిగ చూసినవా?"

"చూసిన. జాజు గుర్తు చూసిన."

"మెడలే చూసినవా? కడుపులు చూడలే?"

సాయిలు తల గోక్కున్నాడు.

"అన్నీ సూడి గొర్లు. ఇయ్యాలో రేపో ఈనేటట్టున్నయి. నాయిన మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోయిండు. గంత దూరం అవి నడుస్తయా? అందుకే భిక్షం వాళ్ళమ్మ, మా సాలమ్మత్త కాడ ఇడిచిండు. నాయిన రాంగనే మల్ల మా దొడ్లకే వస్తయి. నువ్వసలు గొల్లోల్ల పోరనివేనా?"

ఒక్కొక్కటే గుర్తొచ్చాయి సాయిలుకు. ఆ దిగజారిన పొట్టలు, ఆ బరువు నడక. వెనక నుంచి చూసి ఏ గొర్రె ఎప్పుడు ఈనుతుందో చెప్పగలవాడు తను! అసూయ పుణ్యమా అని మెడలు తప్ప ఏమీ కనిపించలేదు.

"మరి భిక్షం గట్లెందుకన్నడు?"

"నిన్ను ఏడిపియ్యనీకి. నీ మొగం చూస్తే ఎవరికన్న అట్లనే అనబుద్ధైతది."

సాయిలు ప్రాణం లేచొచ్చింది. కానీ అసూయకు సిగ్గు ఉండదు కదా. "ఏమైన సరే, నేను ఈడనే ఉంట. వాడు రోజూ మీ ఇంటి ముంగట సైకిల్ గంట కొడుతుంటే పట్నంల నాకు చదువెక్కుతదా?"

సైదమ్మ నవ్వు టక్కున ఆగిపోయింది.

"నేనేమన్న గొర్రెనా, కావలి కాయనీకి?"

"గట్ల కాదు సైదా..."

"నీకు బీకాం ఇష్టమైతే సదువు, నేనొద్దన. గాని వాని మీద కుళ్ళుతోని సదువుతనంటున్నవు. రేపు లారీల ఆఫీసుల కూసొని గుట్ట దిక్కు చూసుకుంట, గీమె కోసమే ఆగిపోయిన అని నన్నే తిట్టుకుంటవు. గా మాట నేను పడ. రాయి చేతుల పట్టుకొని గిది గిట్ల పుట్టిందని చెప్పేటప్పుడు నీ మొగం ఎట్ల ఉంటదో నీకెరుకనా? గా సాయిలునే చేసుకుంటనని నాయినతోని చెప్పిన. బీకాం సాయిలు ఎవడో నాకెరుక లేదు."

వాన ఒక్కసారిగా పెరిగింది. సాయిలుకు చెవులు సరిగా పనిచేస్తున్నాయో లేదో తెలియలేదు.

"నా... నాయినతోని చెప్పినవా? ఏమన్నడు?"

"పోరడు రాళ్ళతోని మాట్లాడుతడు, పిచ్చోడా అన్నడు. కాదన్న." ఆమె గొంగడి తల మీదకు లాక్కొని లేచింది. "ఇయ్యాల నిన్ను చూస్తే నాకే అనుమానమైతున్నది."

ఆదివారం పొద్దుగూకాక సాయిలు తండ్రి ముందు నిలబడ్డాడు. "బాపూ, బీకాంల చేర. పట్నం పోత."

మల్లప్ప చుట్ట పొగ వదిలాడు. "ఆడ సీటు ఇయ్యకపోతే? ఈడిది పోతది, ఆడిది రాదు. అప్పుడేం చేస్తవు?"

"మందను కాస్త. గాని పోకుంట ఉంటే బతుకంత గదే యాదికొస్తది బాపూ."

మల్లప్ప చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు. "పొద్దుగాలనే బస్సు. పండుకో," అన్నాడు.

సోమవారం నల్లగొండలో బీకాం సీటు పోయింది. పట్నంలో ఇంటర్వ్యూ చేసినవాళ్ళు ముందు పుస్తకంలోవి అడిగారు. సాయిలు తడబడ్డాడు. తర్వాత, మీ ఊరి గుట్టల గురించి చెప్పమన్నారు. ఇక సాయిలును ఆపడం వాళ్ళ వల్ల కాలేదు. సీటు ఇచ్చారు.

జానయ్య మందతో తిరిగొచ్చాడు. మల్లప్పతో కూర్చొని మాట్లాడాడు. చదువు అయ్యాక పెళ్ళి అనుకొని తాంబూలాలు పుచ్చుకున్నారు. భిక్షం ఇస్త్రీ చొక్కాతో వచ్చి భోజనం చేసి, "నేను నవ్వులాటకన్నరా భాయ్!" అని సాయిలు వీపు మీద చరిచాడు. సాయిలు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

కాలేజీకి పోయే రోజు నల్లగొండ బస్టాండులో మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. పెద్దవాళ్ళు ఛాయ్ తాగడానికి పక్కకు పోయారు. సాయిలు బస్సు కిటికీ దగ్గర కూర్చున్నాడు. కింద సైదమ్మ. అతన్ని పంపడానికి అంత పట్టుపట్టిన పిల్ల పొద్దుటి నుంచి ముఖం మాడ్చుకొని తిరుగుతోంది.

"గా ఇంటర్వ్యూకు అందరు మొగోల్లేనా వచ్చింది?" అంది ఉన్నట్టుండి, బస్సు చక్రాన్ని చూస్తూ.

"ఒక పిల్ల గూడ వచ్చింది. సికింద్రాబాద్. ఆమెకు గూడ సీటొచ్చింది."

"ఆమెకు రాళ్ళతోని ఏం పని?"

"నాలెక్కనే. ఇష్టమట."

"నువ్వెందుకు అడిగినవు ఇష్టమా అని?"

సాయిలు ఆమె ముఖం చూశాడు. ముక్కు ఎర్రబడింది. పెదవి బిగిసింది. నెల కిందట తన గుండెల్లో మండినదంతా ఇప్పుడు అక్కడ మండుతోంది. అతనికి ఇంత సంతోషం సీటొచ్చిన రోజున కూడా కలగలేదు.

"ఎందుకు నవ్వుతున్నవు?" సైదమ్మ కళ్ళు తుడుచుకుంది. "దసరాకు రా. రాకపోతే ఊకోను. నేనే పట్నమొచ్చి ఆమెను చూస్త."

"నిజంగనే వస్తవా?"

"ఒట్టు. వస్త."

"గట్లయితే దసరాకు రాను," అన్నాడు సాయిలు.

సైదమ్మ కిటికీలోంచి అతని చేతిని పట్టుకొని గట్టిగా గిల్లింది. కండక్టర్ గంట కొట్టినా వదల్లేదు.