న్యూట్రల్‌లో వెయ్!

కారు ఆగట్లేదు!

ఆమె యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసి అర నిమిషమైంది. అయినా స్పీడు ముల్లు పైకే పోతోంది.

తొంభై… తొంభై ఐదు… నూరు!

"అక్కా, స్లో చెయ్యక్కా!" పక్క సీట్లో తోడికోడలు డాష్‌బోర్డు పట్టుకుని అరుస్తోంది.

"కాలు తీసేశానే! అదే పోతోంది!"

బ్రేకు తొక్కింది. వదిలింది. మళ్ళీ తొక్కింది. నాలుగోసారికి పెడల్ రాయిలా బిగుసుకుపోయింది.

ఎదురుగా లారీ!

స్టీరింగ్ ఒక్క తిప్పు తిప్పింది. పక్క అద్దం ఫట్‌మని ఊడిపోయింది. లారీ హారన్ వెనక్కి జారిపోయింది.

బతికారు… ఈసారికి!

పదిన్నరకి తోడికోడలు మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇవ్వాలి. ఆమె మొగుణ్ణి, అంటే తన మరిదిని, ఎవరో చంపి నాలుగు నెలలైంది. చంపినవాణ్ణి చూసింది తోడికోడలు ఒక్కతే. పేరు మాత్రం ఇంట్లోనూ చెప్పలేదు, పోలీసులకీ చెప్పలేదు. మేజిస్ట్రేట్ ముందే చెప్తానంది.

కారు తోడికోడలిదే. ఒంటరిగా పోవాల్సింది. ఇంటి గేటు దగ్గర తాళంచెవి రెండుసార్లు జారవిడుచుకోవడం చూసి, "జరుగు, నేను నడుపుతా" అని తనే ఎక్కి కూర్చుంది.



"నా ఫోన్ తియ్! మా ఆయనకి చెయ్! గ్యారేజ్ పెట్టి ఇరవై ఏళ్ళు, ఆయనకి తెలీని కారు లేదు."

"వద్దక్కా… ఆయనకొద్దు."

"చావమంటావా? చెయ్యవే!"

ఫోన్ స్పీకర్‌లో మోగింది.

"ఏంటే? పనిలో ఉన్నా."

"ఏమండీ, కారు ఆగట్లేదు!"

"ఏ కారు?"

"చెల్లి కారు!"

అటుపక్క సుత్తి జారి నేల మీద పడ్డ చప్పుడు. 

"ఏమండీ!"

"దాంట్లో నువ్వెందుకున్నావే!"

అదేం గొంతు? అంత భయం ఆ మనిషి గొంతులో ఆమె ఎప్పుడూ వినలేదు.

"విను. ఏడవకు. కీ తిప్పకు, స్టీరింగ్ లాక్ అయిపోతుంది. అది ఆటోమేటిక్ కారే, గేర్ లివర్ న్యూట్రల్‌లో వెయ్."

"ఇంత స్పీడులోనా? గేర్‌బాక్స్ పోతుందేమో!"

"పోదే పిచ్చిదానా! న్యూట్రల్‌లో పోదు. ఇంజన్ అలా అరుస్తుండగా మళ్ళీ డ్రైవ్‌లో వేస్తే పోయేది. వెయ్!"

వేసింది.

ఇంజన్ గొంతు చించుకుంది! బానెట్ వణికింది. కానీ ముల్లు… దిగుతోంది!

"బ్రేకు పదిసార్లు తొక్కకు. రెండు కాళ్ళూ పెట్టి ఒక్కసారే నొక్కి పట్టు. వదలకు."

ఎనభై… యాభై… పొగ… మాడిన రబ్బరు వాసన…

ఆగింది.

రోడ్డు పక్కన, మైలురాయికి జానెడు దూరంలో ఆగింది.

"ఆగిందండీ!" ఆమె ఏడ్చేసింది. "యాక్సిలరేటర్ పెడల్ పైకి లాగి చూడనా?"

"రాదే. తీగ గట్టిది, కింద నుంచి లాగితే ఊడదు."

ఆమె ఏడుపు ఆగిపోయింది.

"ఏ తీగండీ?"

 ఇంజన్ ఒక్కటే అరుస్తోంది.

"అక్కడే ఉండు. కోర్టు రోడ్డే కదా, గ్యారేజ్ నుంచి రెండు నిమిషాల్లో వస్తున్నా. దాన్ని దిగనివ్వకు." ఫోన్ కట్!

ఆమె మెల్లగా తల తిప్పింది.

తోడికోడలు చేత్తో నోరు నొక్కుకుంది. "దొంగ కార్లకి నంబర్లు మార్చడం మా ఆయన చూశాడక్కా. పోలీసులకి చెప్తానన్నాడు. గ్యారేజ్ షెడ్డులోనే… బావగారు… నా కళ్ళ ముందే…"

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు ఆయన భార్యవి కదక్కా!"

అద్దంలో పసుపు రంగు వ్యాన్! గ్యారేజ్ టోయింగ్ వ్యాన్!

ఆమె డోర్లు లాక్ చేసింది.

ఆయన దిగాడు. చేతిలో జాకీ రాడ్. నేరుగా తన కిటికీ దగ్గరికే వచ్చాడు. ముందు ఆమె మొహం చూశాడు, చేతులు చూశాడు, ఎక్కడైనా దెబ్బ తగిలిందేమోనని చూశాడు.

"దిగవే. నువ్వొక్కదానివే దిగు. నీకేం కాదు."

"దీనికి?"

ఆయన రాడ్ చెయ్యి మార్చుకున్నాడు.

"దీనికేమవుతుందండీ?"

"నిన్ను కాపాడింది నేనే కదే! తలుపు తియ్!"

నిజమే. కాపాడింది ఆయనే. దానికే ఆమెకి అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది.

ఆయన కారు చుట్టూ తిరిగి అటుపక్కకి వెళ్ళాడు. రాడ్ పైకి లేచింది. తోడికోడలి వైపు అద్దం భళ్ళున పగిలింది!

ఆమె లివర్ లాగింది.

డ్రైవ్!

కింద ఏదో విరిగినట్టు ధడేల్‌మంది. కారు ఎగిరి దూకింది. ఆయన రోడ్డు మీద వెల్లకిలా పడ్డాడు… లేచాడు… వ్యాన్ వైపు పరుగు!

మాడిన గేర్ ఆయిల్ వాసన కారంతా నిండింది. ఇంజన్ అరుస్తోంది, చక్రాలు సగమే కదులుతున్నాయి. వేగం పెరిగితే న్యూట్రల్. తగ్గితే డ్రైవ్. వేసిన ప్రతిసారీ ఒక గుద్దు. ఒక్కో గుద్దుకి గేర్ ఇంకాస్త జారుతోంది.

"వ్యాన్ వస్తోందక్కా!"

"వెనక్కి చూడకు!"

కోర్టు గేటు… ఇంకో వంద గజాలు… యాభై…

గేర్ పూర్తిగా జారిపోయింది. కారు ఆ ఊపుకే దొర్లి, సెంట్రీ పెట్టిన బారికేడ్‌ని గుద్దుకుని ఆగింది. ఆమె ఇంజన్ ఆఫ్ చేసింది. తుపాకీ పట్టుకుని సెంట్రీ పరుగెత్తుకొచ్చాడు.

పసుపు వ్యాన్ గేటు ముందు స్లో అయింది. ఆగలేదు. వెళ్ళిపోయింది.

లోపల గుమస్తా కళ్ళజోడు సర్దుకుని తలెత్తాడు. "వాంగ్మూలం ఇచ్చేది ఎవరమ్మా?"

జుట్టులో గాజు ముక్కలతో తోడికోడలు ముందుకొచ్చింది.

"తోడొచ్చినవాళ్ళు బయటుండాలి. మీరు వెళ్ళండమ్మా."

ఆమె కదల్లేదు. చేతిలో ఫోన్ మోగుతోంది. ఆయనే. మోగనిచ్చింది.

"నేను తోడు రాలేదు బాబూ," అంది. "నాదీ రాసుకోండి."